ఎరుగని కన్ను

మధ్యాహ్నం మూడు గంటలప్పుడు సదాశివం గారు తన ఇంటి గుమ్మం ముందు చెప్పులు విప్పి, గడప బయటే నిలబడి, "లోపలికి రావచ్చా అండీ?" అని అడిగారు.

వంటింట్లో బియ్యంలో రాళ్ళు ఏరుకుంటున్న హైమవతి ఆ గొంతు విని నవ్వుకుంది. ముప్పై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన హాస్యమాడిన సందర్భాలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇదీ వాటిలో ఒకటి కాబోలనుకుని, "రండి రండి, ఎవరు కావాలి మీకు?" అంది అక్కడి నుంచే.

"హైమవతి గారు," అన్నారాయన.

చేట పక్కన పెట్టి బయటికి వచ్చింది. ఆయన ముఖంలో హాస్యం లేదు. కోపమూ లేదు. బ్యాంకులో తన వంతు కోసం నిలబడ్డ మనిషిలా ఉన్నారు. ఆమెను ఒకసారి పాదాల నుంచి తల దాకా చూసి, జేబులోంచి ఒక ఫోటో తీసి, దానివంకా ఆమెవంకా మార్చి మార్చి చూశారు. ఫోటో మళ్ళీ జేబులో పెట్టుకుని అప్పుడు లోపలికి వచ్చారు. ఇరవై ఏళ్ళుగా కూర్చునే తన పడక కుర్చీ వదిలేసి, చుట్టాల కోసం వేసిన కుర్చీ అంచున కూర్చున్నారు.

"కాసిని మంచినీళ్ళు ఇస్తారా?"

పెళ్ళయిన నాటి నుంచి ఆయన ఆమెను 'మీరు' అన్నది లేదు. హైమవతి నీళ్ళు తెచ్చి ఇచ్చింది. గ్లాసు అందుకునేటప్పుడు ఆయన వేళ్ళు ఆమె వేళ్ళకు తగలకుండా జాగ్రత్తపడ్డాయి. 

*

సదాశివం గారు గుంటూరులో పేరున్న ఆడిటరు. కంపెనీలు ఏడాది చివర చూపించే లెక్కలు నిజమో కాదో చూసి సంతకం పెట్టడం ఆయన వృత్తి. ఆ సంతకాన్ని నమ్మి, ముక్కూ మొహం తెలియని జనం ఆ కంపెనీల్లో షేర్లు కొంటారు. పిల్లలు లేని ఆ ఇంట్లో ఆ సంతకం ఒక పసిబిడ్డలాంటిది. దానికి మచ్చ పడకుండా చూసుకోవడమే దంపతులిద్దరికీ పెద్ద పని.

ఆయనతో కలిసి చదువుకున్న మృణాళిని విశ్వవిద్యాలయంలో అకౌంటింగు ఆచార్యురాలు. సదాశివాన్ని అన్నయ్యా అని, హైమవతిని వదినా అని పిలిచేది. ఆడిట్ ఎందుకు ఒకచోట గట్టిగానూ ఒకచోట డొల్లగానూ ఉంటుందో తేల్చడానికి ఆవిడ పదిహేనేళ్ళు పరిశోధన చేసింది. ఆడిటరు చదువా, అనుభవమా, తీసుకునే ఫీజా, సంస్థ పెద్దదా చిన్నదా, అన్నీ తూచి చూసింది. చివరికి అన్నిటికన్నా బరువైనది ఒకటి తేలింది. అది పరిచయం.

"ఒకే కంపెనీని ఏడేళ్ళు చూస్తే అడిగే ప్రశ్నలు సగమవుతాయి వదినా," అని రెండేళ్ళ కిందట ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. "పదేళ్ళు దాటితే ప్రశ్న చివర 'అంతే కదండీ' వచ్చి చేరుతుంది. లంచం అక్కర్లేదు. రోజూ నవ్వుతూ పలకరిస్తే చాలు."

సదాశివం గారు ముద్ద కలపడం ఆపారు. ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. గోరంట్ల కోటయ్య గారి కోల్డ్ స్టోరేజీ కంపెనీని ఆయన పంతొమ్మిదేళ్ళుగా చూస్తున్నారు. కోటయ్య ఆయన్ను బావగారూ అంటాడు. హైమవతిని చెల్లెమ్మా అంటాడు.

"నేను కోటయ్యను చూడగానే నవ్వుతాను," అన్నారు మెల్లగా. "నవ్వాక లెక్కపెట్టడం కష్టం."

మృణాళిని అప్పుడే ఒక యంత్రం గురించి చెప్పింది. మెదడు డాక్టర్లతో కలిసి తయారుచేయించింది. తొలి ప్రయోగానికి మనిషి కావాలి. సదాశివం గారు తానే వస్తానన్నారు.

హైమవతి కూడా వెళ్ళి చూసింది. తెల్లటి గది. మధ్యలో కుర్చీ. బ్యూటీ పార్లరులో జుట్టు ఆరబెట్టే టోపీ లాంటిది దాని పైన వేలాడుతోంది. ఆ టోపీ కింద ఆయన ఇరవై నిమిషాలు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. తుమ్మెద గదిలో చిక్కుకుంటే వచ్చే చప్పుడు లాంటిది ఒకటి సన్నగా వినిపించింది, అంతే.

"ఏం చేస్తుంది ఇది?" అని అడిగింది హైమవతి.

"మనిషిని చూడగానే మనలో రెండు జరుగుతాయి వదినా. వీడు ఫలానా అని తెలుస్తుంది. అది ఒక దారి. వీడు మనవాడు అని గుండెకు తెలుస్తుంది. అది ఇంకో దారి. మేం ఆ రెండోదాన్ని నాలుగు వారాలు మూసేస్తాం. లెక్కలు చూడటం అయిపోగానే మళ్ళీ తెరుస్తాం. ఈలోగా ఆయన మా అతిథిగృహంలోనే ఉంటారు."

"తెరుచుకోకపోతే?"

"కుళాయి కట్టేస్తే మళ్ళీ తిప్పగానే నీళ్ళు రావూ?"

"మా వీధిలో రావు," అంది హైమవతి. అందరూ నవ్వారు. కుర్చీలోంచి లేచి వచ్చిన సదాశివం గారు మాత్రం నవ్వలేదు. ఎందుకు నవ్వుతున్నారో కనుక్కుందామన్నట్టు ఒక్కొక్కరి ముఖమే చూశారు.

*

వారం తిరక్కుండానే కోటయ్య ఇంటికి వచ్చి హాల్లో కూలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

"చెల్లెమ్మా, బావగారు నన్ను గుర్తుపట్టారమ్మా. పేరు చెప్పారు. మా అమ్మాయి పెళ్ళి తారీకు కూడా చెప్పారు. కానీ ఆ కళ్ళు! చేపలు కోసేవాడు చేపను చూసినా కాస్త ఏదో ఉంటుంది. ఆయన కళ్ళల్లో అదీ లేదు."

జరిగింది ఇది. కోల్డ్ స్టోరేజీలో మిర్చి బస్తాలు, అక్కడివాళ్ళ మాటలో టిక్కీలు, గోడల్లా పేర్చి ఉంటాయి. ఏటా కోటయ్య గేటు దగ్గరే ఎదురొచ్చి, సోడా ఇప్పించి, భుజం మీద చెయ్యి వేసి లోపలికి తీసుకెళ్ళేవాడు. సదాశివం గారు ముందు వరస ఎత్తూ వెడల్పూ లెక్కపెట్టి, లోపలికి ఎన్ని వరసలున్నాయని అడిగేవారు. కోటయ్య చెప్పేవాడు. రాసుకునేవారు. ఈసారి ఆయన సోడా తాగలేదు. నిచ్చెన అడిగి, ఘాటుకు దగ్గుతూ, ఆ చలిలో బస్తాల పైకెక్కి నడిచారు. నడిచి నడిచి ఒకచోట ఆగి, ఒక బస్తా పక్కకు లాగమన్నారు.

కింద ఏమీ లేదు. ముందు మూడు వరసలు, వెనక మూడు వరసలు, పైన పలకల మీద ఒక్క పొర. మధ్యలో అంతా చీకటి.

"అంతా ఒక్క ఏడాదిలో సర్దుకుంటాననుకున్నానమ్మా. నష్టమని తెలిస్తే పరువు పోతుందని బయట వరసలు పేర్చాను. తొమ్మిదేళ్ళయింది. ఆ తొమ్మిదేళ్ళూ బావగారు పక్కనే నడిచారు. బావగారూ, మీకు నేను ఏమీ కానా అని అడిగాను. 'మీరు ఈ కంపెనీకి డైరెక్టరు అవుతారు' అన్నారు."

హైమవతికి కోటయ్య మీద జాలేసింది. అతని మాటలు నమ్మి షేర్లు కొన్నవాళ్ళ మీద ఇంకా జాలేసింది. తప్పు బయటపడటం మంచిదేగా అని తనకు తాను చెప్పుకుంది. అయినా ఆ 'ఏమీ కానా' అన్న మాట చాలా రోజులు చెవిలో మోగింది.

కోటయ్య కంపెనీ కూలింది. విచిత్రం ఏమిటంటే, ఆ వార్తతో మిగతా కంపెనీలు మృణాళిని గుమ్మం ముందు వరస కట్టాయి. నివేదికలో 'ఎరుగని కంటితో పరిశీలించడమైనది' అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, షేరు విలువ నూటికి పాతిక వంతున పెరుగుతోంది. ఏ పరిచయమూ లేని సంతకానికి అంత విలువ. ఇంకా కొందరు ఆడిటర్లు ముందుకు వచ్చారు గానీ, జనం అడిగింది మాత్రం సదాశివం గారి సంతకాన్నే.

*

ఈ ఏర్పాటుకు ఒక నియమం ఉంది. రెండో దారి తెరిచాక, పదో రోజున ఇంటివాళ్ళు ఒక కాగితం రాసి ఇవ్వాలి. దానిలో ఒకటే ప్రశ్న: మనిషి మునుపటిలా ఉన్నారా? ఆ కాగితం లేకుండా మరుసటి ఏడు కుర్చీలో కూర్చోబెట్టరు.

మొదటి ఏడు ఆయన జ్వరం తగ్గిన మనిషిలా వచ్చి, రెండు రోజుల్లో మామూలయ్యారు. 'మా వారు మామూలుగానే ఉన్నారు' అని రాసి సంతకం చేసింది హైమవతి. అది నిజమే.

రెండో ఏడు వచ్చాక ముందు గదిలో పడుకోవడం మొదలుపెట్టారు. బీరువా తాళం తన దగ్గరే ఉంచుకున్నారు. ఆమె పాయసం చేస్తే, "ఈ రోజు విశేషం ఏమిటి?" అని అడిగారు. ఆ రోజు వాళ్ళ పెళ్ళిరోజు. వయసు మీద పడుతోంది, పని ఒత్తిడి, అనుకుని అదే వాక్యం రాసి ఇచ్చింది.

మూడో ఏడు, గడప బయట నిలబడి లోపలికి రావచ్చా అని అడిగిన ఏడు, పదో రోజున ఆ కాగితం ముందు చాలాసేపు కూర్చుంది. పెళ్ళయి వచ్చేటప్పుడు తల్లి చెప్పిన మాట ఒకటే: ఇంట్లో మాట గడప దాటకూడదు. ఏ ఇల్లాలైనా మొగుడికి నేను పరాయిదాన్నైపోయానని కాగితం మీద రాసి బయటివాళ్ళకిస్తుందా? రేపు అది నలుగురి నోళ్ళలో పడదూ? దేవుడి వంక చూసింది. 'మా వారు మామూలుగానే ఉన్నారు' అని రాసింది. అక్షరాలు మాత్రం కాస్త వంకర పోయాయి.

*

శ్రావణమాసంలో బాపట్ల నుంచి ఆమె అన్నయ్య భుజంగరావు ఫోన్ చేశాడు.

"ఏమ్మా హైమా, మీ ఆయనకు ఏమైనా ఎండ దెబ్బ తగిలిందా?"

"ఏమైందన్నయ్యా?"

"రిజిస్టరు పోస్టులో ఉత్తరం వచ్చింది. చదువుతాను విను. 'అయ్యా, మా రికార్డుల ప్రకారం శ్రీమతి హైమవతి మీ సొంత చెల్లెలు. ఈ విషయం మీ దగ్గరున్న వివరాలతో సరిపోతే కింద సంతకం చేసి నేరుగా నాకు పంపగలరు. తేడా ఉంటే ఆ తేడా ఏమిటో రాయగలరు. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే సరిపోయినట్టే భావిస్తాము.' కింద సంతకం. స్టాంపు కూడా కొట్టాడమ్మా, బావమరిదికి స్టాంపు!"

కంపెనీ చెప్పిన మాటను కంపెనీనే అడిగి తేల్చుకోరు ఆడిటర్లు. బయటివాళ్ళకు ఇలాగే ఉత్తరాలు రాస్తారు. ఆ సంగతి హైమవతికి తెలుసు. ఆ ఉత్తరాలకు ముప్పై ఏళ్ళుగా కవర్లు అంటించింది తనే.

"ఆయన హాస్యం నీకు తెలియదులే అన్నయ్యా."

"ఇన్నేళ్ళూ తెలియలేదు మరి. సరే, తేడా ఉందని రాయనా? మా చెల్లెలు ఇంత నెమ్మదైంది కాదు, చిన్నప్పుడు నా వీపు మీద గుద్దేది, కాబట్టి మనిషి మారిపోయిందేమో చూసుకోండని రాస్తాను."

"వద్దన్నయ్యా!" ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. "ఆ మాట రాయకు. సరిపోయిందనే రాయి. ఇవాళే పోస్టు చెయ్యి."

"ఏమ్మా, అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉంది," అంది హైమవతి.

ఫోన్ పెట్టి వెనక్కి తిరిగేసరికి ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎప్పటి నుంచి ఉన్నారో తెలియదు. చేతిలో చిన్న పుస్తకం, ఆకుపచ్చ సిరా కలం. ఏదో రాసుకుని వెళ్ళిపోయారు.

దసరాకు ముందు ఇల్లు దులుపుతుంటే ఆ పుస్తకంలోని కాగితాలన్నీ ఒక ఫైలులో కనిపించాయి. అట్ట మీద ఆమె పేరు. లోపల ఆయన చక్కటి దస్తూరి. ప్రతి వాక్యం పక్కనా ఆకుపచ్చ టిక్కు.

'ఎడమ మోచేతి పుట్టుమచ్చ. పెళ్ళి ఆల్బం పద్నాలుగో ఫోటోతో పోల్చాను. సరిపోయింది.'

'నిద్రలో శ్వాస, నిమిషానికి పద్నాలుగు. మూడు రోజులు చూశాను. నటన కాదు.'

'అన్నగారి ధ్రువీకరణ అందింది. అంతకుముందు ఆయనతో ఫోన్లో మాట్లాడింది. కంగారు ఉంది. కారణం తెలియలేదు.'

'ఏడుపు. వంటింట్లో, ఒకసారి. తరుగుతున్న వాటిలో ఉల్లిపాయలు లేవు.'

చివరి కాగితం మీద 'నిర్ణయం' అని రాసి ఉంది. దాని కింద ఖాళీ.

హైమవతికి తాను పడుకున్నప్పుడు మంచం పక్కన నిలబడి ఊపిరి లెక్కపెట్టిన మనిషిని తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది. ఫైలు పట్టుకుని ఆయన దగ్గరికే వెళ్ళింది.

"నేను హైమనేనని ఇంకా తేలలేదా మీకు?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. విసుక్కోలేదు. విసుక్కున్నా ఎంత బాగుండేదో.

"మీరు హైమవతి గారేనని ఎప్పుడో తేలింది. కాగితాలన్నీ సక్రమంగా ఉన్నాయి. మీరు నా భార్య. దానిలో సందేహం లేదు."

"మరి ఆ ఖాళీ ఏమిటి?"

"బయటి వరసలన్నీ లెక్క సరిపోయాయండీ. పైకెక్కి చూస్తే లోపల సరుకు కనిపించడం లేదు. మీ వైపు తప్పేమీ లేదు. మీరు చాలా మంచివారు. నేనే ఎక్కడో సరిగా వెతకడం లేదేమో."

ఆ శుక్రవారం దీపం వెలిగించి ఆమె చాలాసేపు లేవలేదు. చిన్నప్పటి నుంచి ఒక మాట వింటూ వచ్చింది, దేవుడికి తన, పర లేవని. అది గొప్ప గుణమనుకుంది. ఇప్పుడు ఆ గుణం తన ఇంట్లోనే తిరుగుతోంది. స్వామీ, నువ్వు మమ్మల్ని చూసేది ఎరిగిన కంటితోనా, ఎరుగని కంటితోనా? ఎరుగని కంటితోనే అయితే నీ ముందు ఎవరు నిలబడగలరు? ఎరిగిన కంటితో అయితే మరి న్యాయం ఎలా? వెనక నుంచి ఆయన గొంతు నెమ్మదిగా వినిపించింది. "ఈ దీపం రోజూ వెలిగిస్తారు. ఎవరి కోసం?"

"మీ కోసమే," అంది వెనక్కి తిరక్కుండా. కలం కాగితం మీద కదిలిన చప్పుడైంది.

*

నాలుగో ఏడు చైత్రం వచ్చింది. ఈసారి పన్నెండు కంపెనీలు. కొత్త ఏడాది కదా అని హైమవతి చేత మరో కాగితం రాయించాలని మృణాళిని ఇద్దరినీ పిలిపించింది. అదే తెల్లటి గది.

"ఏముంది వదినా, ఎప్పుడూ రాసేదే. ఒక్క సంతకం."

హైమవతి కలం తీసుకుంది. తీసుకుని కింద పెట్టింది. "నా కాగితం సరే, మా వారిని మీరేం పరీక్ష చేశారు? ఆయన మామూలుగా ఉన్నారని మీకెలా తెలుసు?"

మృణాళిని కాగితాలు చూపించింది. ఈవిడ ఎవరు? నా భార్య. పెళ్ళి ఎప్పుడైంది? తారీకు, ముహూర్తం. ఆవిడకు ఇష్టమైన కూర ఏది? గుత్తివంకాయ. అన్నిటికీ నూటికి నూరు.

"ఇవన్నీ ఆయన ఫైలులో ఉన్నాయి," అంది హైమవతి. "ఎవరి ఫైలు ఇచ్చినా ఆయనకు నూటికి నూరే వస్తాయి. గుండెకు తెలుస్తుందన్నారే, ఆ దారి తెరుచుకుందో లేదో చూసే పరికరం ఏదీ లేదా?"

మృణాళిని ముఖం మారింది. "ఉంది. అరచెయ్యి పెట్టే పలక. మనవాళ్ళను చూస్తే చేతికి కనపడని చెమట పడుతుంది. మొదటి ఏడు పెట్టాం. తర్వాత... అన్నయ్యను నేను ముప్పై ఐదేళ్ళుగా ఎరుగుదును వదినా. ఆయన బాగానే ఉన్నానన్నాక మళ్ళీ పలకెందుకులే అని..."

ఆ మాట పూర్తిగా అనకుండానే ఆగిపోయింది. తాను పదిహేనేళ్ళు వెతికి పట్టుకున్న జబ్బు తన గదిలోనే కూర్చుని ఉందని ఆవిడకు అప్పుడు తెలిసినట్టుంది.

పలక తెచ్చారు. సదాశివం గారు చెయ్యి పెట్టారు. గోడ మీద ఒక్కొక్క ఫోటో పడుతోంది, పక్కన తెర మీద ఒక గీత నడుస్తోంది. ఎవరో రైల్వే కూలీ. గీత చదునుగా సాగింది. ఎవరో ముసలమ్మ. చదునే. పెళ్ళిపీటల మీద తలవంచుకున్న హైమవతి. చదును. కాశీలో గంగ ఒడ్డున తడిచీరతో నవ్వుతున్న హైమవతి. చదును. చనిపోయిన ఆయన తల్లి. చదును. చివరగా, ఎవరు కలిపారో, కోటయ్య కోల్డ్ స్టోరేజీలోని ఆ డొల్ల చీకటి ఫోటో పడింది.

గీత గుర్రంలా లేచింది.

సదాశివం గారు దానివంక ఆసక్తిగా చూశారు. "అంటే తెరుచుకోలేదన్నమాట," అన్నారు, పక్కింటివాళ్ళ కుళాయి గురించి అన్నట్టు.

"ఇంకోసారి తెరిచి చూస్తాను అన్నయ్యా. కానీ నాలుగోసారి మూస్తే మాత్రం ఇక ఎప్పటికీ..."

"ఎప్పటికీ ఇలాగే ఉంటాను. దానివల్ల నష్టం ఏమిటి?" ఆయన నిజంగానే అడిగారు. "పన్నెండు కంపెనీల్లో జనం పొదుపు చేసుకున్నది ఉంది. నా కన్ను వాళ్ళకు కాపలా. అటువైపు లాభం స్పష్టంగా ఉంది. ఇటువైపు ఏం పోతుందో నాకు కనిపించడం లేదు. హైమవతి గారూ, మీకు కనిపిస్తే చెప్పండి. రాసుకుంటాను."

ఏమని చెబుతుంది? పోయినదాన్ని పోయినవాడికి చూపించడం ఎలా? కాగితం దగ్గరికి లాక్కుంది. మెల్లగా, పదో తరగతి చదువుకున్న తన గుండ్రటి అక్షరాలతో రాసింది.

'మా వారు మునుపటిలా లేరు. ఇప్పుడే కాదు, రెండో ఏటి నుంచీ లేరు. ఇంటికి వచ్చి లోపలికి రావచ్చా అని అడుగుతారు. నన్ను మీరు అంటారు. నేను ఏడిస్తే రాసుకుంటారు. వెనక రెండేళ్ళూ నేను ఇచ్చిన కాగితాలు నిజం కావు. ఆయన ఇక కుర్చీలో కూర్చోవడానికి నేను ఒప్పుకోను. హైమవతి.'

ఆయన అది అందుకుని రెండుసార్లు చదివారు.

"మంచి నివేదిక. ఒక్క మాట కూడా సాక్ష్యం లేకుండా లేదు," అన్నారు. "అయితే వెనకటివి ఎందుకు అలా రాశారు?"

"పరువు పోతుందని."

"కోటయ్య గారు కూడా అదే చెప్పారు."

హైమవతి తల వంచుకుంది. అవును. తనూ బయట వరసలు పేర్చింది. రెండేళ్ళు లోపల చీకటి పెంచింది. మొదటే చెప్పి ఉంటే మనిషి దక్కేవాడేమో. ఆ లెక్క ఇక ఏ కాగితం మీదా తేలదు.

*

ఆ సంగతి బయటపడగానే 'ఎరుగని కన్ను' మీద నమ్మకం పోయింది. పన్నెండు కంపెనీల షేర్లూ వారంలో దిగజారాయి. ఆడిటరు మనసు సరిగ్గా లేదన్నారు, ఇల్లాలు డబ్బుకు అమ్ముడుపోయిందన్నారు. నలుగురి నోళ్ళలో పడితే ఏమవుతుందోనని హైమవతి భయపడ్డదంతా అయింది. అయ్యాక చూస్తే అది ఆమె అనుకున్నంత పెద్దది కాదు.

మృణాళిని యంత్రాన్ని ఆపేసింది. మళ్ళీ మళ్ళీ తెరిచి చూసినా ఆ దారి తెరుచుకోలేదు. చివరిసారి ఇంటికి వచ్చినప్పుడు ఆవిడ అరుగు మీదే కూర్చుండిపోయింది.

"మందేమీ లేదా?" అని అడిగింది హైమవతి.

"నా పరిశోధనలో ఉన్నది ఒక్కటే వదినా. ఏ మనిషైనా ఒకేచోట, ఒకే ముఖం ఎదుట ఏడేళ్ళుంటే పరిచయం దానంతట అదే పుడుతుంది. ఎవరూ ఆపలేరు. దాన్ని జబ్బని రాశాను నేను."

సదాశివం గారికి పని పోయింది. సంచీ సర్దుకుని, ఇక ఈ ఇంట్లో ఏ హక్కుతో ఉండాలో తెలియడం లేదని మర్యాదగా చెప్పారు. "ఉండండి," అంది హైమవతి. "పెళ్ళిచూపుల్లో మొదటిసారి మా నాన్న చూపించినప్పుడు మాత్రం మీరు నన్ను ఎరుగుదురా? అప్పుడూ గడప బయటే నిలబడ్డారు." ఆయన ఆలోచించి, అది సబబుగా ఉందని సంచీ దించారు.

ఉన్నారు. ఎండాకాలం పోయి వానలు వచ్చాయి. ఆయన చూపు ఆమె వెనకే తిరిగేది, వంటింట్లోకి, పెరట్లోకి, దేవుడి మందిరం దగ్గరికి. ఆ చూపుకు రెప్ప తక్కువ. ఒక్కోసారి ఆమెకు భయమేసేది. కొత్త చీర కట్టుకుని ఎలా ఉందంటే, "అంచు దగ్గర ఒక పోగు ఊడింది" అన్నారు. భజనలో పాడి వచ్చి ఎలా పాడానంటే, "రెండుచోట్ల శ్రుతి తప్పింది" అన్నారు. ఉన్నది ఉన్నట్టు తప్ప ఇంకో మాట ఆ నోట రాలేదు, రెండేళ్ళకు పైగా.

ఒక ఆదివారం, ముసురు పట్టిన మధ్యాహ్నం, ఆయనకు వడ్డించింది. దోసకాయ పప్పు, అప్పడం, మజ్జిగ. ఆయన తలెత్తకుండా తిన్నారు. పప్పు మారు వడ్డించుకున్నారు.

"ఎలా ఉంది?" అంది అలవాటుగా.

ఆయన ఒక్క క్షణం ఆగారు. ఆమె ముఖంలోకి చూశారు.

"బాగుంది," అన్నారు.

లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళారు. హైమవతి తన కంచంలో వడ్డించుకుని, ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపేసింది. పప్పులో ఉప్పు లేదు. తక్కువ కావడం కాదు, అసలు వెయ్యనే లేదు.

గబుక్కున లేచి పెరటి గుమ్మం దాకా వెళ్ళింది. ఆయన కుళాయి దగ్గర వంగి, వానచినుకుల్లో, వేళ్ళు ఒక్కొక్కటే శ్రద్ధగా కడుక్కుంటున్నారు. ఎందుకలా అన్నారని అడగాలని నోటి దాకా వచ్చింది. అడిగితే ఉన్నది ఉన్నట్టు చెబుతారు. పరాయి ఇంట్లో భోంచేసినవాళ్ళు మర్యాదకు బాగుందంటారు. సొంత ఇంట్లో భోంచేసినవాడు పెళ్ళాం చిన్నబుచ్చుకుంటుందని బాగుందంటాడు. మాట ఒకటే.

ఆయన తలెత్తి, "ఏమైనా కావాలా?" అన్నారు.

"ఏం లేదు," అంది హైమవతి. "వానలో తడవకండి, లోపలికి రండి."

తిరిగి వచ్చి కంచం ముందు కూర్చుంది. ఉప్పు డబ్బా చేతికందే దూరంలోనే ఉంది. దాన్ని ముట్టుకోలేదు. ఆ చప్పిడి పప్పునే అన్నంలో కలుపుకుని, మెతుకు మిగలకుండా తింది.